మద్దెల ఓడు కానప్పుడు

దూరపు గురికి వాడే రైఫిల్ స్కోపులు స్థూలంగా రెండు తెగలు: వలయం తిప్పితే దృశ్యాన్ని పెద్దదిగానూ చిన్నదిగానూ చూపేవి ఒక తెగ కాగా, పుట్టినప్పుడు ఎన్ని రెట్లు చూపాయో పోయేదాకా అన్ని రెట్లే చూపే స్థిర ఆవర్ధన స్కోపులు రెండో తెగ. ఆవర్ధనమంటే ఉత్త కంటికి కనిపించే దానికంటే వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో తెలిపే సంఖ్య. పది రెట్ల స్కోపులో వెయ్యి గజాల అవతల ఉన్న బోర్డు వంద గజాల్లోనే ఉన్నట్టు తోస్తుంది. కనిపించడం వేరు, తగలడం వేరు అనే స్వల్ప భేదాన్ని కొనుగోలుదారు సాధారణంగా డబ్బు కట్టాకే గమనిస్తాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు గురిశాస్త్రంలో ఉన్నంత వినియోగం నాట్యశాస్త్రంలో కూడా లేదు. తూటా పక్కకు పోయిన ప్రతిసారీ గురికాడు అనుమానంగా చూసేది మీట నొక్కిన తన వేలి వైపు కాదు, స్కోపు వైపు. మారే స్కోపు ఈ విషయంలో చాలా ఉదారమైనది: జూమ్ ఎక్కువ పెట్టానని, తక్కువ పెట్టానని, తిప్పుతుండగా గురి జరిగిందని మూడు సాకులు అది సిద్ధంగా అందిస్తుంది. తిప్పే వలయమే లేని స్థిర స్కోపు ఆ మూడింటినీ ఒక్కసారిగా లాగేసుకుంటుంది కాబట్టి, దాన్ని ఎంచుకోవడమంటే ఒక పరికరాన్ని కొనడం కన్నా కొన్ని సాకులను సొంత ఖర్చుతో వదులుకోవడం అనడమే సమంజసం.

సైన్యాలు కూడా ఈ త్యాగానికి ఒక పట్టాన స్థిరంగా నిలబడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్లు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ల మీద అమర్చుకున్న ఎనిమిది రెట్ల ఉనెర్టల్ స్కోపు పిట్స్‌బర్గ్‌లో తయారైన సుమారు రెండడుగుల గొట్టం. గురి సవరించే మరలు దాని లోపల కాక, దాన్ని పట్టి ఉంచే కమ్మెల్లో ఉండేవి. తుపాకీ పేలి వెనక్కి తన్నినప్పుడు గొట్టం ఆ కమ్మెల్లో ముందుకు జారిపోయేది, గురికాడు తూటా తూటాకూ దాన్ని బావిలోంచి చేద లాగినట్టు వెనక్కి లాక్కునేవాడు. 1966లో వియత్నాం అవసరాలకు అదే మెరైన్లు ఎం40 రైఫిల్ మీద మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా మారే రెడ్‌ఫీల్డ్ స్కోపుకు వెళ్లారు; ఆ రైఫిల్ తరువాతి రూపమైన ఎం40ఏ1 నాటికి మళ్లీ పది రెట్ల స్థిర ఉనెర్టల్‌కు తిరిగొచ్చారు; 1988లో అమెరికా సైన్యం ఎం24 రైఫిల్‌తో పాటు పది రెట్ల లూపోల్డ్‌ను స్వీకరించింది; ఈ శతాబ్దంలో ఇద్దరూ మళ్లీ మారే స్కోపుల దారే పట్టారు. అలిగి పుట్టింటికి వెళ్లి, సర్దుకుని తిరిగొచ్చే ఈ రాకపోకలను బట్టి, ఏ తెగ మేలన్న ప్రశ్నకు తుది జవాబు సేనాధిపతుల దగ్గర కూడా లేదని గ్రహించవచ్చు.

స్థిర స్కోపు కొనదలచినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఎన్ని రెట్లన్నది, ఎందుకంటే ఈ నిర్ణయాన్ని తరువాత తిప్పడానికి వీలు లేదు. బ్రిటిష్ సైన్యం 1980లలో ఎల్96 రైఫిల్ మీద ఆరు రెట్లతో తృప్తిపడితే, బల్ల మీద తుపాకీ ఆనించి కాగితం మీద ఒకే బెజ్జంలో ఐదు తూటాలు దూర్చాలని చూసే బెంచ్‌రెస్ట్ పోటీదారులు ముప్పై ఆరు, నలభై, నలభై ఐదు రెట్ల దాకా వెళతారు. ఎక్కువ రెట్లయితే ఎక్కువ మేలు అన్న లెక్క కిరాణా కొట్లో చెల్లుతుంది గానీ కటకాల దగ్గర చెల్లదు. స్కోపు ముందు కటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే, కంటి వైపు నుంచి బయటికి వచ్చే కాంతి కిరణాల మందం తెలుస్తుంది. 42 మిల్లీమీటర్ల కటకం గల పది రెట్ల స్కోపు 4.2 మిల్లీమీటర్ల వెలుగు ఇస్తే, 45 మిల్లీమీటర్ల కటకంతో నలభై ఐదు రెట్లు చూపేది ఒక్క మిల్లీమీటరు మాత్రమే ఇస్తుంది. పట్టపగలు కూడా మనిషి కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకునే ఉంటుంది కనుక, రెండో స్కోపు వెనుక తల పెట్టినవాడు సూది బెజ్జంలో దారం ఎక్కించే అమ్మమ్మలా మెడను అటూ ఇటూ కదుపుతూ దృశ్యాన్ని వెతుక్కుంటాడు.

రెట్లు పెరిగినకొద్దీ కనిపించే మేర కూడా కుంచించుకుపోతుంది. వరుసగా పాతిన ఇరవై బోర్డుల్లో నలభై రెట్ల స్కోపుకు కనిపించేది ఒకటే బోర్డు. అది తనదో పక్కవాడిదో తెలుసుకోవడానికి బోర్డు పైనో కిందో రాసిన అంకెను వెతకాలి. ఆ ఓపిక లేనివారు ఎంతో ఏకాగ్రతతో, నిర్దుష్టంగా, పక్కవాడి బోర్డు నడిబొడ్డున కొట్టి అతనికి అనుకోని పుణ్యం కట్టబెట్టడం దూరపు గురి మైదానాల్లో అరుదు కాదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఎండమావి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద లేని నీళ్లు చూసిన తెలుగువారికి ఈ సంగతి ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు: వేడెక్కిన నేలను ఆనుకుని ఉన్న గాలి పొరల సాంద్రత చోటుచోటుకూ మారడం వల్ల వాటి గుండా వచ్చే కాంతి వంగుతూ పోతుంది, దూరపు వస్తువు మరుగుతున్న నీటి అడుగున ఉన్నట్టు వణుకుతుంది. స్కోపు లక్ష్యాన్ని మాత్రమే పెద్దది చేసి వణుకును వదిలిపెట్టదు. నలభై రెట్ల లక్ష్యంతో పాటు నలభై రెట్ల వణుకునూ నిష్పక్షపాతంగా అందిస్తుంది. మారే స్కోపు గలవాడు అప్పుడు రెట్లు తగ్గించుకుని బయటపడతాడు, నలభై రెట్ల స్థిర స్కోపు గలవాడు సూర్యుడు వాలేదాకా తేనీరు తాగుతాడు. పది రెట్ల దగ్గర ఆ వణుకు ఓర్చుకోదగినంతే ఉండి, ఏ పక్కకు పారుతోందో చూసి గాలి వాలు పసిగట్టడానికి పనికి కూడా వస్తుంది కాబట్టి, ఆరుబయట వెయ్యి గజాల గురికి పది రెట్లే మధ్యేమార్గమన్న పాత అభిప్రాయంలో పస ఉంది.

స్థిర ఆవర్ధనానికి ఉన్న అసలు గొప్ప దాని గురిగీతల్లో ఉంది. స్కోపులో కనిపించే అడ్డగీత, నిలువుగీతల మీద సమదూరంలో ఉండే గుర్తులు కోణాన్ని కొలిచే మిల్ అనే ప్రమాణంలో ఉంటాయి. ఒక మిల్ అంటే వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు మేర. లక్ష్యం ఎత్తు మీటర్లలో తెలిస్తే దాన్ని వెయ్యితో గుణించి, గుర్తుల్లో చూసిన మిల్లులతో భాగిస్తే దూరం తేలుతుంది. భారత సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న ద్రగునోవ్ రైఫిల్ మీది నాలుగు రెట్ల సోవియట్ స్కోపు ఈ భాగాహారపు శ్రమ కూడా పెట్టకుండా, 1.7 మీటర్ల మనిషిని ప్రమాణంగా తీసుకుని ఒక వంపుగీతను లోపలే గీసి ఇస్తుంది. ఈ లెక్కలన్నీ ఆవర్ధనం మారనంత వరకే నిజం. మారే స్కోపుల్లో చాలావాటికి గురిగీతలు కంటి వైపు నాభితలంలో ఉంటాయి, అంటే దృశ్యం పెరిగినా తరిగినా గీతలు అలాగే ఉంటాయి. ఇరవై రెట్ల దగ్గర సరిపోయే గుర్తులను పది రెట్ల దగ్గర వాడితే కిలోమీటరు దూరంలోని మీటరు పలక అర మిల్లుగా కనిపించి, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఎవరూ కదలకుండానే, ఒక్క వలయం తిప్పడంతో, బోర్డు పొరుగూరికి వలస పోయినట్టన్నమాట. గీతలను ముందు నాభితలంలో పెట్టి ఈ దోషాన్ని తొలగించిన మారే స్కోపులు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి కనుక స్థిర స్కోపు పక్షపు వాదం మునుపటంత బలంగా లేదన్నది ఒప్పుకోవలసిందే. చవక, తేలిక, లోపల కదిలే కటకాలు తక్కువ అన్నవే దానికి మిగిలిన ఆస్తి.

అమర్చడం ఎంచుకోవడం కన్నా వినోదకరమైన ఘట్టం. వంద గజాలకు గురి సరిచేసిన .308 తరగతి రైఫిల్ నుంచి బయలుదేరిన తూటా వెయ్యి గజాలు చేరేసరికి సుమారు పది మీటర్లు కిందికి పడుతుంది, అంటే మూడంతస్తుల మేడ మీది బోర్డును గురిచూస్తే నేల మీద గడ్డి కోసినట్టు. ఈ పతనాన్ని డిగ్రీలో అరవయ్యో వంతుతో కొలుస్తారు. ఆంగ్లేయులు దాన్ని నిమిషమంటారు గానీ మన సిద్ధాంతులు గ్రహగతుల లెక్కల్లో ఎప్పటినుంచో కళ అంటున్నారు. వెయ్యి గజాల దగ్గర ఒక కళ పదిన్నర అంగుళాలకు కాస్త తక్కువ, పతనం దాదాపు 38 కళలు. స్కోపు పైన ఉండే టరెట్ అనే తిరుగుడు మర మొత్తం ప్రయాణం 60 కళలైతే మధ్యలోంచి పైకి దక్కేది 30 మాత్రమే, అంటే ఎనిమిది కళల అప్పు. అందుకే స్కోపును కూర్చోబెట్టే పట్టాను ముందుకు 20 కళలు వాలేటట్టు చెక్కి అమ్ముతారు. దాంతో పైకి 50, కిందికి 10 మిగులుతాయి. ఆ పట్టాను తిరగేసి బిగించినవారికి మాత్రం అప్పు 28 కళలకు పెరుగుతుంది.

కమ్మెల మరలను ఎంత బిగిస్తే అంత భద్రమనే సైకిలు షాపు సిద్ధాంతం ఇక్కడ ప్రమాదకరం, సన్నని అల్యూమినియం గొట్టం నొక్కుకుపోయి లోపలి కదలికలు పట్టేస్తాయి; తయారీదారులు సాధారణంగా చెప్పేది 15 నుంచి 18 అంగుళం పౌండ్లు, అంటే రెండు వేళ్ల బలం. కంటికీ వెనుక కటకానికీ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉంటేనే దృశ్యం నిండుగా కనిపిస్తుంది. స్థిర స్కోపులో ఈ ఎడం కూడా మారదు కనుక ఒకసారి సరిచేస్తే చాలు. ఆ ఒక్కసారిని కూడా వాయిదా వేసినవారిని నుదుటి మీది నెలవంకను బట్టి గుర్తుపట్టవచ్చు: తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మ మీద వేసే ఆ ముద్ర ఏ మతానికీ చెందదు, నెల దాకా చెరగదు.

గురిగీతలను నిట్టనిలువుగా నిలపడం దగ్గర అతి సూక్ష్మబుద్ధులు కూడా తడబడతారు. నిలువుగీత ఒక్క డిగ్రీ ఒరిగితే, 38 కళలు పైకి తిప్పామనుకున్న టరెట్ నిజానికి కాస్త పక్కకు కూడా తిప్పుతుంది, వెయ్యి గజాల దగ్గర తూటా దాదాపు 18 సెంటీమీటర్లు తొలగుతుంది. రెండు డిగ్రీలైతే ఇరవై అంగుళాల వ్యాసం గల పది మార్కుల వలయం దాటిపోతుంది. దీనికి మేస్త్రీల రసమట్టం రైఫిల్ మీద ఉంచి, ఎదురుగా దారానికి గుండు వేలాడదీసి, నిలువుగీతను ఆ దారంతో కలిపితే సరిపోతుంది. తమ ఇంటి గోడ ఒరిగి ఉన్నా పట్టించుకోని గృహస్థులు ఈ దారం ముందు గంటల తరబడి శ్వాస బిగబట్టి కూర్చోవడం, చివరి మర బిగించగానే స్కోపు తిరిగి అర డిగ్రీ ఒరగడం, మళ్లీ మొదలుపెట్టడం ఈ విద్యలో ప్రతి తరమూ అనుభవించే సంప్రదాయం.

పారలాక్స్ అనే దృష్టిదోషాన్ని గురించి చెప్పవలసింది కొంచెమే: లక్ష్యపు ప్రతిబింబమూ గురిగీతలూ ఒకే తలంలో లేకపోతే తల కదిలినప్పుడల్లా గురి కదిలినట్టు కనిపిస్తుంది. చాలా చవక స్కోపుల్లో దీన్ని వంద గజాలకే సరిచేసి వదిలేస్తారు కాబట్టి, దూరానికి సర్దుకునే మర ఉన్నదే కొనడం మంచిది. టరెట్ నిజాయితీని పరీక్షించడం కూడా సులువే, వంద గజాల దగ్గర నిలువుగా కొలిచి గీసిన కాగితం మీద కింద ఒక గుంపు కొట్టి, పది మిల్లులు పైకి తిప్పి, అదే కింది బిందువును గురిచూసి కొడితే రెండో గుంపు సరిగ్గా ఒక గజం పైన పడాలి. ఈ పరీక్ష చేసేవారు తక్కువ, ఎందుకంటే స్కోపు అందులో నెగ్గితే మిగిలిన ముద్దాయి ఒక్కడే.

మద్దెలనే పూర్తిగా నిషేధించిన శాఖ కూడా ఈ విద్యలో ఉంది. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపుకు అనుమతి లేదు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యాన్ని చిన్న రంధ్రంలోంచి చూసే గురిసాధనంతోనే గెలిచాడు. వెయ్యి గజాల వారికి స్కోపు ఉంది, కానీ గంటకు పది మైళ్ల పక్కగాలి అదే .308 తూటాను రెండు మీటర్లకు మించి తోసేస్తుంది. ఆ గాలి మైదానమంతా ఒకేలా వీయదు, ఇంగ్లండులోని బిస్లీలో స్టికిల్‌డౌన్ మైదానం పొడవునా పాతిన జెండాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు, ఏ జెండా మాట వినాలో చెప్పే మర ఏ స్కోపుకూ లేదు.

బిస్లీకి మారకముందు అక్కడి దూరపు గురి పోటీలు వింబుల్డన్‌లో జరిగేవి. 1860 జులై 2న వాటిని ప్రారంభించడానికి వచ్చిన విక్టోరియా రాణి కోసం విట్‌వర్త్ రైఫిల్‌ను ముందే ఇనుప పీఠానికి బిగించి, నాలుగు వందల గజాల దూరంలోని లక్ష్యానికి గురి సరిచేసి ఉంచారు. రాణి తుపాకీని ముట్టలేదు, గురి చూడలేదు, మీటకు కట్టిన పట్టుతాడును లాగింది అంతే. తూటా లక్ష్యం నడిబొడ్డుకు అంగుళంపావు దూరంలో తగిలింది.