ఏడో తరం చేసుకున్న పాపం

2025 అక్టోబర్ 14 వచ్చింది, వెళ్ళింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పిన రోజది. మర్నాడు పొద్దున పాత ల్యాప్‌టాప్‌లన్నీ యథాప్రకారం ఆన్ అయ్యాయి. పొగ రాలేదు, తెర పగల్లేదు. నెల్లాళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో జనాన్ని బెదరగొట్టిన మేధావులు మాత్రం తగ్గలేదు. "పనిచేస్తుందండీ, కానీ సేఫ్ కాదు" అని మాట మార్చారు. దీపావళి అమ్మకాలకి దుకాణం సర్దుకున్న షోరూములవాళ్ళకి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులుగారూ పెట్టలేరు. పాతది పట్టుకురండి, కొత్తది పట్టుకెళ్ళండి, అంతా మీ సెక్యూరిటీ కోసమే.

నాకు ఒళ్ళుమండేది సరిగ్గా ఆ మాట దగ్గరే. "మా అమ్మకాలు పడిపోయాయి, కాస్త కొనిపెట్టండి బాబూ" అని ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. వ్యాపారి వ్యాపారం చేసుకుంటాడు, తప్పేముంది? కానీ వీళ్ళు మన జేబులో చెయ్యి పెడుతూ మన క్షేమం గురించి కన్నీళ్ళు పెట్టుకుంటారు. 2015లో విండోస్ 10 వచ్చేటప్పుడు ఇదే ఆఖరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు వేదికెక్కి చెబితే ప్రపంచంలోని పత్రికలన్నీ రాశాయి. కంపెనీ గట్టిగా కాదనలేదు. ఆరేళ్ళు తిరిగేసరికి విండోస్ 11 వచ్చింది. దానితోపాటే ఒక జాబితా వచ్చింది.

నా తగువంతా ఆ జాబితాతో. టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలన్నారు, సరే. సెక్యూర్ బూట్ ఉండాలన్నారు, సరే. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, అదీ సరే. ఇవన్నీ ఉన్నా మీ ప్రాసెసర్ పేరు జాబితాలో లేకపోతే ప్రవేశం లేదు. ఇంటెల్‌లో 8వ జెన్, అంటే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 నుంచి ఉన్నవాళ్ళకే లోపలికి దారి. 7వ జెన్ ల్యాప్‌టాప్‌లో టీపీఎమ్ 2.0 ఉన్నా, ఎస్ఎస్‌డీ వేయించి 16 జీబీ ర్యామ్ పెట్టించినా ఫలితం లేదు. పుట్టిన తరమే దోషం.

ఆ తరం ఎంత దూరపుదో చూద్దాం. మధ్యతరగతి ఇళ్ళలో ఎక్కువగా కనబడిన ఐ5-7200యు 7వ జెన్. దాని తర్వాతి ఐ5-8250యు 8వ జెన్. మొదటిదాని డిజైన్ పేరు కేబీ లేక్. రెండోదాని పేరు కేబీ లేక్ రీఫ్రెష్. కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి తప్ప, కోరు అదే కోరు. ఒకే తల్లి పిల్లలు. చిన్నవాడికి హారతి ఇచ్చి లోపలికి పిలిచారు, పెద్దవాడి మొహాన తలుపేశారు.

తలుపు అవతల ఇంకెవరెవరున్నారో కూడా చూడండి. సెలెరాన్ ఎన్4000 అని ఒక చిప్పుంది. రెండు కోర్లు, బేస్ స్పీడు 1.1 గిగాహెర్ట్జ్. దాన్ని పెట్టిన ల్యాప్‌టాప్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఐదోది నొక్కితే, అది తెరుచుకునేలోపు కాఫీ కలుపుకుని తాగి గ్లాసు కడిగి రావచ్చు. ఆ మహానుభావుడు జాబితాలో ఉన్నాడు. నాలుగు కోర్లతో 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర పరిగెత్తే ఐ7-7700కె లేడు.

"స్పీడు సంగతి కాదండీ, సెక్యూరిటీ సంగతి" అని అందుకుంటారు తెలిసినవాళ్ళు. మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఉంది, అది కంప్యూటర్‌ని నెమ్మది చేయకుండా నడవాలంటే ప్రాసెసర్‌లో ఎంబీఈసీ అనే సదుపాయం కావాలి, పాతవాటిలో అది లేదు, అంటారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఇబ్బందల్లా ఏమిటంటే, ఆ ఎంబీఈసీ ఇంటెల్ 7వ జెన్‌లోనే వచ్చింది. ఏఎండీలో దానికి సమానమైనది జెన్ 2 డిజైన్‌తో వచ్చింది. రైజెన్ 2000 అంతకుముందుది, దానిలో అది లేదు. అంటే తాళం ఉన్నవాణ్ణి బయట నిలబెట్టి, తాళం లేనివాణ్ణి లోపల కూర్చోబెట్టి, ఇదంతా దొంగల భయంతో చేశామంటున్నారు.

ఇక సర్ఫేస్ స్టూడియో 2 కథ. ఇది నేను ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతూ ఉంటాను. మా ఇంట్లోవాళ్ళు ఆ పేరు వినగానే లేచి వెళ్ళిపోతారు. పాఠకులకి ఆ సౌకర్యం లేదు కాబట్టి నింపాదిగానే చెబుతాను.

సర్ఫేస్ స్టూడియో 2 మైక్రోసాఫ్ట్ సొంతంగా తయారుచేసిన కంప్యూటర్. 2018లో వచ్చింది, అమెరికాలో ధర 3,499 డాలర్ల నుంచి మొదలు. బొమ్మలు గీసుకునేవాళ్ళ కోసం అంత పెద్ద తెర, వాల్చితే బల్లలా వాలుతుంది. అంత ఖరీదైన వస్తువులో పెట్టిన ప్రాసెసర్ ఏమిటయ్యా అంటే ఐ7-7820హెచ్‌క్యూ. అందులో మొదటి అంకె మళ్ళీ చూడండి. అవును, ఏడో తరం.

2021 జూన్‌లో విండోస్ 11 జాబితా బయటపెట్టేసరికి ఈ కంప్యూటర్ ఇంకా వాళ్ళ దుకాణంలో అమ్మకానికి ఉంది. 7వ జెన్ పనికిరాదన్నది వాళ్ళే, ఆ 7వ జెన్‌ని మూడున్నర వేల డాలర్లకి అమ్ముతున్నదీ వాళ్ళే. అప్పుడేం చేశారు? 7వ జెన్ మొత్తాన్ని మళ్ళీ పరీక్షించామన్నారు. పరీక్ష ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. ఎక్స్ సిరీస్, జియాన్ డబ్ల్యూ లాంటి పెద్దింటి చిప్పులు పాసయ్యాయి. మామూలు ల్యాప్‌టాప్‌ల్లో కనబడే 7వ జెన్ యావత్తూ ఫెయిల్. ఆ ఫెయిలైన గుంపులోంచి ఒకే ఒక్క విద్యార్థి పాసై బయటికొచ్చాడు. అతని పేరు ఐ7-7820హెచ్‌క్యూ.

ఈ కాకతాళీయానికి నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతుంటాను. దాని పక్కింటివాడు ఐ7-7700హెచ్‌క్యూ. 2017లో గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళని అడగండి, సగంమంది ఆ పేరే చెబుతారు. దీనిదీ అదే డిజైన్, ఇదీ నాలుగు కోర్లే. అది 2.9 గిగాహెర్ట్జ్, ఇది 2.8. క్యాష్ మెమరీ అక్కడ 8 ఎంబీ, ఇక్కడ 6 ఎంబీ. ఆ 0.1 గిగాహెర్ట్జ్‌లోనూ 2 ఎంబీలోనూ ప్రపంచ సైబర్ భద్రత అంతా ఇమిడి ఉందని మనం నమ్మాలి.

పైగా జాబితాలో 7820హెచ్‌క్యూ పక్కన చిన్న అక్షరాల్లో ఒక షరతు కూడా పెట్టారు. ఆ చిప్పు ఉన్న కంప్యూటర్లన్నిటికీ అర్హత లేదు, ఆధునిక పద్ధతిలో రాసిన డ్రైవర్లతో వచ్చిన కొన్నిటికేనట. ఆ కొన్నిటిలో వాళ్ళ సొంత స్టూడియో 2 ఉందని వేరే చెప్పాలా? సరే, డ్రైవర్లే అడ్డమైతే మిగతావాళ్ళకీ ఆ డ్రైవర్లు రాయించి ఇవ్వొచ్చుగా. ఇవ్వరు. డ్రైవర్ రాయించాలంటే ఇంజనీరు కావాలి, పేరు కొట్టేయడానికి కలం చాలు.

ఆ ఆగస్టులోనే ఇంకో ముత్యం రాల్చారు. అర్హత ఉన్న కంప్యూటర్లు 99.8 శాతం క్రాష్ లేకుండా నడిచాయట, అర్హత లేనివాటిలో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువట. 52 అనగానే గుండె ఝల్లుమంటుంది. మిగిలిన 0.2 మీద ఆ 52 శాతం వేసి చూడండి, 0.3 వస్తుంది. రెండూ ఒకే కొలత అనుకున్నా తేడా ఇంతే. దీనికోసం ల్యాప్‌టాప్ పారేసుకోవాలి.

జాబితాలో లేని యంత్రాల మీద విండోస్ 11 ఎక్కదా అంటే శుభ్రంగా ఎక్కుతుంది. రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే పరీక్ష దాటేయొచ్చని కంపెనీయే తన సహాయ పేజీలో రాసిపెట్టింది, కొన్నేళ్ళకి చడీచప్పుడు లేకుండా చెరిపేసింది. సికింద్రాబాద్ సీటీసీలో పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాళ్ళకి ఇదంతా కొట్టినపిండి. మీ ముందే పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫార్మాట్ కొట్టి, టీ తాగొచ్చేలోపు విండోస్ వేసి ఇస్తారు. ఎక్కనివి కొన్ని నిజంగానే ఉన్నాయి. 24హెచ్2 వెర్షన్‌కి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం ఉండి తీరాలి. 2008కి ముందరి చాలా చిప్పుల్లో అది లేదు, వాటి మీద బూటే అవదు. అది అసలైన ముసలితనం, దానికి నేను తలవంచుతాను. 2017లో కొన్నదానికి అది రాలేదు. కాగితం మీద రాసి అంటగట్టారు.

ఇక్కడినుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఎందుకంటే విండోస్ 10కి సెక్యూరిటీ ప్యాచ్‌లు తయారవడం ఆగలేదు. ఇప్పటికీ ప్రతినెలా తయారవుతూనే ఉన్నాయి. కంపెనీలైతే కంప్యూటర్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలి, ఏటేటా రెట్టింపు, మూడేళ్ళదాకా. ఇళ్ళలో వాడేవాళ్ళు 30 డాలర్లు కడితే 2026 అక్టోబర్ 13 దాకా. కట్టలేకపోతే మీ సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌లోకి పంపండి, లేదా 1000 రివార్డ్ పాయింట్లు పోగేయండి. సబ్బుపొడి కవర్లు పది దాచి పంపితే ప్లాస్టిక్ మగ్గు ఇచ్చే స్కీములాగా, వాళ్ళ సెర్చ్ ఇంజన్‌లో వెతికి వెతికి పాయింట్లు కూడబెడితే దొంగలనుంచి రక్షణ ఇస్తారు! యూరప్‌లో వినియోగదారుల సంఘం గట్టిగా నిలదీసేసరికి 2025 సెప్టెంబర్‌లో దిగొచ్చారు. అక్కడ బ్యాకప్ షరతు లేకుండా ఏడాదిపాటు ఉచితం. అదే విండోస్, అదే లోపం, అదే ప్యాచ్. పారిస్‌లో ఉన్నవాడికి హక్కు, పామర్రులో ఉన్నవాడికి పాయింట్లు.

పరిశ్రమల్లో, యంత్రాల్లో వాడే విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 వెర్షన్‌కైతే 2032 జనవరి దాకా ప్యాచ్‌లు ఇస్తామని కాగితం మీద రాసిచ్చారు. అంటే మనకి ఆపేశాక కూడా ఆరేళ్ళపైన దాన్ని కాపాడటం వాళ్ళకి చేతనవును. మన దగ్గరికొచ్చేసరికి చేతకాదు. ప్రమాదం ఉందని తెలిసి, మందు చేతిలో పెట్టుకుని, ఇవ్వకుండా ఉండి, పైగా "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని బోర్డు పెట్టేవాడిని మామూలుగా ఏమంటారో ఆ మాట పత్రికలో రాయడానికి సంపాదకుడు ఒప్పుకోడు.

లెక్క దాపరికం ఏమీ లేదు. పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కి మారితే కంపెనీకి రూపాయి రాదు, అప్‌గ్రేడ్ ఉచితం. కొత్త ల్యాప్‌టాప్ అమ్ముడైతే తయారీదారు లైసెన్సు డబ్బు కడతాడు. పాత చిప్పులన్నిటి మీదా పరీక్షలు చేయడం ఖర్చు, చిప్పు తయారీదారులు పాతవాటికి డ్రైవర్లు రాయడం మానేస్తారు. ఇవన్నీ నిజమైన కారణాలే. నిజాలు కాబట్టే చెప్పరు.

దీని బరువు మోసేది ఎవరు? ఏ ఊళ్ళో అయినా బస్టాండు పక్క డీటీపీ సెంటర్‌లోకి వెళ్ళి చూడండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒక ప్రింటరు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. పెళ్ళి శుభలేఖ నుంచి పెద్దకర్మ కార్డు దాకా అన్నీ దాని మీదే. ఆ సెంటరాయన ఉన్న సెటప్‌ని పదేళ్ళుగా కదపలేదు. కదిపితే ఏ ఫాంటు ఎటు పోతుందోనని ఆయన భయం ఆయనది. ఆయన దగ్గరికి వెళ్ళి కోపైలట్ మీట ఉన్న ఏఐ పీసీ కొనుక్కోమంటున్నారు. శుభలేఖలో వరుడి పేరు ఏఐ దిద్దుతుంది కాబోలు.

ఈ నిర్ణయంతో 24 కోట్ల కంప్యూటర్లు చెత్త కావచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే అంచనా కట్టింది. 2030 నాటికి జీరో వేస్ట్ సాధిస్తామని 2020లో ప్రతిజ్ఞ చేసింది మైక్రోసాఫ్టే. తాను పారేసేది సున్నా చేసి, మనచేత 24 కోట్లు పారేయిస్తే లెక్క సరిపోతుంది. దాని సీఈఓ సత్య నాదెళ్ళ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనవాడని 2014 నుంచీ ఛాతీ విరుచుకుంటున్నాం. విరుచుకుందాం. ఆ మనవాడిని ఈ ఒక్క జాబితా గురించి అడిగే తెలుగువాడే కనబడడు.

ఆపిల్ భక్తులు ముసిముసిగా నవ్వనక్కర్లేదు. ఇంటెల్ చిప్పుతో ఉన్న 2019 మ్యాక్ ప్రోని 2023 దాకా అమ్మి, 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో తర్వాత ఇంటెల్ మ్యాక్‌లకి కొత్త ఓఎస్ లేదని చెప్పేశారు. క్రోమ్‌బుక్‌కి గూగుల్ పదేళ్ళ హామీ ఇచ్చింది, 2023లో, నానా మాటలూ పడ్డాక.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, భయపడి ఏమీ కొనకండి. నడుస్తున్న విండోస్ 10లో ఆ ఏడాది పొడిగింపు పెట్టుకోండి, 2026 అక్టోబర్ దాకా గడుస్తుంది. ఈలోపు ఇంట్లో నేర్చుకునే పిల్లలుంటే పెన్‌డ్రైవ్ మీద లినక్స్ పెట్టి నడిపించి చూడమనండి. పక్కన కేరళలో సర్కారు బడులు ఏళ్ళుగా దాని మీదే నడుస్తున్నాయి, ఆ పిల్లలకేమీ కొమ్ములు మొలవలేదు.

ప్రభుత్వాలకి చెప్పేది ఒకటే. యూరప్‌లో 2025 జూన్ నుంచి ఫోన్లకి, ట్యాబ్లెట్లకి అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్ళు ఓఎస్ అప్‌డేట్లు ఇవ్వాలని చట్టం వచ్చింది. ల్యాప్‌టాప్‌లకి అక్కడా లేదు, ఇక్కడా లేదు. బడులకి, ఆఫీసులకి వేల కంప్యూటర్లు టెండరు పిలిచేటప్పుడు ఆ షరతు ఒక్కటి చేర్చడానికి ఏ పార్లమెంటు అనుమతీ అక్కర్లేదు.

మీరు కొనక తప్పకపోతే షోరూములో ర్యామ్ ఎంత, స్టోరేజి ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో అడగండి. బిల్లు మీద రాసిమ్మనండి. రాయలేనంటే, కార్డు జేబులో పెట్టుకుని బయటికి నడవండి.