తడయాత్రా పద్యమునకు టీకా తాత్పర్యములు

ఆ.వె.
ఆదివారమందు నైదింటికే లేచి
తడకు పోదమనుచు దండు కదలె
మడుగు నీట మునిగి మధ్యాహ్నమునఁ జూచి
కొంగలను మరలిరి కొంపలకును

టీక: ఆదివారమందు = సెలవునాడు; ఐదింటికే లేచి = ఐదింటికి అలారము నొక్కి, మరల పండుకొని, ఆరున్నరకు లేచి; తడకు పోదము అనుచు = వాట్సాప్ గ్రూపులో రెండు వారములు పోట్లాడి; దండు = మూడు బైకులమీది ఆరుగురు చెన్నపట్టణపు మిత్రులు; కదలె = బయలుదేరెను (గుమ్మిడిపూండిలో ఇడ్లీలకు ఆగుట కదలికకు భంగము కాదని పెద్దలు); మడుగు నీట = ఉబ్బలమడుగు జలపాతమున; మునిగి = మోకాళ్లవరకు దిగి. ఇచ్చట వాచ్యార్థము గ్రహింపరాదు. నున్నని బండలమీద జారి, లోతు తెలియక నిజముగా మునిగినవారి వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. కొంగలను = పులికాటు పక్షులను; చూచి = ఫోటో తీసి; కొంపలకును మరలిరి = స్పష్టము.

శంక: మడుగు తడలో లేదు గదా! తడనుండి శ్రీకాళహస్తి రోడ్డు పట్టి, శ్రీసిటీ పక్కగా సాగి, వరదయ్యపాలెం మండలపు అడవి చొరవలెను. 2022 ఏప్రిల్ 4 వరకు తడ నెల్లూరు జిల్లా, మడుగు చిత్తూరు జిల్లా. మరి తడ జలపాతమను పేరెట్లు?

సమాధానము: గంగలో గొల్లపల్లె యన్నట్లు ఇది లక్షణ. గొల్లపల్లె గట్టుననే యున్నది, ఈ గట్టు మాత్రము మరీ దూరము. అయినను సూళ్లూరుపేట పోవు లోకల్ రైలు, హైవే రెండును తడమీదుగానే పోవును గనుక పేరు తడకే దక్కినది. కొత్త తిరుపతి జిల్లా రెండింటిని ఒక గొడుగు కిందికి తెచ్చి కవిని సగము కాపాడినది.

విశేషము: తడకు సొంతమైనది పులికాటు సరస్సు. చిలికా తరువాత దేశమున అంతటి ఉప్పునీటి సరస్సు వేరొకటి లేదు. కవి దానికి ఒక్క మాట విదిల్చి, ఆ మాటను గూడ 'కొంగలను' అని చెడగొట్టినాడు. ఫ్లెమింగో కొంగ కాదు. తల కిందులు చేసి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి తినునది. తిన్న నాచు, సన్నని రొయ్యజాతి పురుగులే దాని గులాబీ రంగుకు మూలము. గూడబాతు అసలే కొంగ కాదు. అది నేలపట్టు చెరువులో కడపచెట్లమీద గూడు కట్టును. ఫ్లెమింగోల పేరిట 2001 నుండి సూళ్లూరుపేటలో పండుగయే జరుగుచుండగా, ఇంత నిర్లక్ష్యము క్షమింపరానిది.

'మధ్యాహ్నమున' అనునది కాలదోషము. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు నడుమ వేసిన రోడ్డుమీద శీతకాలపు ఉదయము నిలుచువానికి పక్షులు కనబడును. మిట్టమధ్యాహ్నపు తళతళలో కనబడునవి తెల్లని చుక్కలు. గులాబీ రంగు తరువాత ఫోనులో కలిపినది.

తాత్పర్యము: మిత్రులు తడకు పోయి వచ్చిరి. తడను చూడలేదు.

పాఠాంతరము: 'కొంగలను' అనుచోట 'కోళ్లను' అని కొన్ని ప్రతులలో గలదు. గణమున ఒక లఘువు తగ్గినను యతికి హాని లేదు. హైవే పక్క బిరియానీ హోటలు బిల్లును పరిశీలించిన మీదట, ఇదియే కవిహృదయమని మా మతము. అట్లయిన 'చూచి' యనగా తిని.