‘లెక్కలు చాలు’: సటీకా తాత్పర్యం

మూలం: “మామా, లెక్కలు చాలు. ఇయ్యాల్టి సంది ఫంకే. కూసున్నోళ్లు లేవుండ్రి.”

అవతారిక: మాదాపూర్‌లో ఒకానొక మేడమీది పబ్బు. శనివారం రాత్రి. వారమంతా కోడు రాసుకునే నలుగురి ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు. మైకు లాక్కుని డ్రమ్మరు పలికిన వాక్యమిది. కిందటి వారం ఇరవై నిమిషాల పాట మధ్యలోనే బిల్లు కట్టి లేచిపోయిన టేబుళ్లే ఇందుకు కారణమని లోకులంటారు. వ్యాఖ్యాతకు అంత నమ్మకం లేదు.

ప్రతిపదార్థం: మామా = ఓ గిటారిస్టా (చుట్టరికం లేదు, హైదరాబాదీ సంబోధన ప్రథమ); లెక్కలు = ఏడు, తొమ్మిది, పదకొండు మాత్రలుగా మారిపోయే తాళాలు; చాలు = సోమవారం స్టాండప్ మీటింగులో ఎటూ తప్పవు గనుక; ఫంకే = నాలుగు దెబ్బల్లో మొదటిదాని మీదే బరువంతా దించమని జేమ్స్ బ్రౌన్ ఉపదేశించిన సంగీతమే; కూసున్నోళ్లు = ఫోనులో జిరా టికెట్లు చూసుకునేవారు; లేవుండ్రి = విధ్యర్థకం, సగం బతిమాలడం.

తాత్పర్యం: మిత్రమా, మన పాండిత్యం మనకే తెలిసింది, ఇక వినేవాళ్ల నడుముకు తెలియాలి.

ఆక్షేపం: ఇది పతనం కాదా?

సమాధానం: కాదు, పెద్దల ఆచారమే. 1972లో దాదాపు 23 నిమిషాల ‘సప్పర్స్ రెడీ’ వినిపించిన జెనెసిస్, 1981లో ‘నో రిప్లై ఎట్ ఆల్’ కోసం ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వారి బాకాలవాళ్లను పిలిపించుకుంది. సాఫ్ట్ మెషీన్ 1970లోనే ‘థర్డ్’తో జాజ్ వైపు మళ్లింది, పాడుతూ డ్రమ్స్ వాయించే రాబర్ట్ వ్యాట్ మరుసటి ఏడు బయటికి నడిచాడు. మహావిష్ణు ఆర్కెస్ట్రా 1975లో ‘నీ ఫంక్ భరించలేను’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ముక్క విడుదల చేసింది. ఆ ముక్కా ఫంకే! దాని నాయకుడు మెక్‌లాఫ్లిన్ తర్వాతి కాలంలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ పక్కన కూర్చుని వాయించాడు.

విశేషం: ఏడు మాత్రలు చూపించి తెలుగువాణ్ణి బెదిరించలేం. కచేరీలో మిశ్రచాపుకు తొడమీద తాళం వేసిన అమ్మమ్మలు మనకున్నారు. అసలు కష్టం ఫంక్‌లోనే ఉంది. ప్రోగ్‌లో ముప్ఫై స్వరాల జడివానలో ఒక తప్పుడు స్వరం కొట్టుకుపోతుంది. ఫంక్‌లో గిటారు రెండు గీతలు గీకి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం వెంట్రుకవాసి ఆలస్యమైతే గదంతటికీ తెలుస్తుంది. ఇక జాజ్ అంటారా, అది మనోధర్మం; నెలల తరబడి కంఠతా పట్టిన పాటతో అక్కడ పని జరగదు. ఆ రాత్రి గిటారిస్టు మొహం వాడింది కూడా అందుకేనని వ్యాఖ్యాత అభిప్రాయం. డ్రమ్మరు కోరినది సులువైన దారి కాదు.

పాఠకులకు మనవి: వెళ్తే బేస్ ఆంప్లిఫయరు పక్కన నిలబడండి. చప్పట్లు రెండో, నాలుగో దెబ్బమీదే కొట్టండి. ఒకటి, మూడు మీద కొడితే డ్రమ్మరు నొచ్చుకుంటాడు.