కరెంటు పోతే నేనూ పోతాను

ఇంటికి చుట్టాలెవరొచ్చినా మాస్టారు ముందు మేడ మీదికి తీసుకెళ్తారు. పలకల కింద నిలబెట్టి తలెత్తి చూడమంటారు. వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ నా పక్కనుంచే నడుస్తారు గానీ నా వైపు చూసేవాళ్లు తక్కువ. మెట్ల గది గోడకి బిగించిన తెల్లడబ్బాని నేను. వెనక అల్యూమినియం రెక్కలు, ముందు చిన్న తెర, దాని పక్కన ఒక పచ్చదీపం. సోలార్ ఇన్వర్టర్‌ని.

ఈ ఇంట్లో ఇన్వర్టర్ అనేది ఇంకొకటి కూడా ఉంది. కింద, వంటింటి పక్కన, బ్యాటరీని పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. నాకంటే చాలా పెద్దది వయసులో. కరెంటు పోగానే అది లేస్తుంది, నేను పడుకుంటాను. ఇద్దరికీ ఒకటే పేరు కావడం వల్ల నేను పడ్డ మాటలు కొన్ని ఉన్నాయి, వస్తాను అక్కడికి.

ఊరు రాజమహేంద్రవరం. మాస్టారు సోషల్ చెప్పి రిటైరయ్యారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైందని పేపర్లో చూసి లెక్కలు వేయడం మొదలెట్టారు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. నాలుగు పెట్టుకున్నా అయిదు పెట్టుకున్నా అంతకు మించి రాదు. అంచేత మూడు. పలకలూ వాటిలోని సెల్స్ కూడా ఈ దేశంలో తయారైనవే ఉండాలని షరతు. నా మీద అలాంటి షరతు లేదు. నేనెక్కడ పుట్టానని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పుకోలేదు.

అడ్డు వచ్చింది డబ్బు కాదు, మామ్మగారు. ఎనభై దాటిన ఆవిడకి మేడ మీద ఎండంతా సొంత ఆస్తి. సంక్రాంతి వెళ్లాక వడియాలు, ఆ తర్వాత మిరపకాయలు, మే వచ్చేసరికి మాగాయ ముక్కలు. "ఎండంతా ఆ అద్దాలే తాగేస్తే నా ముక్కలు ఎక్కడ ఎండుతాయిరా?" అని కొడుకుని నిలదీశారు. ఆయన దగ్గర జవాబు లేదు. టేపు పట్టుకుని కొలతలు తీస్తున్న సోలార్ కుర్రాడే చెప్పాడు: "మామ్మగారండీ, ఎనిమిదడుగుల ఎత్తున లేపేద్దామండి. కింద మీరు నడవొచ్చు, మంచం వేసుకోవచ్చు. దక్షిణం పక్క ఆరడుగులు ఖాళీ వదిలేస్తాను, అక్కడ ఎండ ఎప్పుడూ ఉంటుందండి." ఎత్తుకి ఇనుము ఎక్కువ, ఇనుముకి డబ్బు ఎక్కువ. ఆ తేడా ఎంతో మాస్టారు తల్లి ముందు ఇప్పటికీ ఎత్తరు.

దక్షిణం మాట దగ్గర మాత్రం ఆయన కుర్రాణ్ణి వదల్లేదు. మన ఊరు భూమధ్యరేఖకి 17 డిగ్రీల ఉత్తరాన ఉంది, కర్కటరేఖ 23న్నర దగ్గర ఉంది, అంటే సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నెత్తిన నిలబడతాడు, మే మొదటి పదిరోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి, ఆ మధ్యలో మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు, మరి పలకల్ని దక్షిణానికి ఎందుకు వాలుస్తున్నావు? కుర్రాడు నీళ్లు నమలలేదు. "ఆ మూడు నెలలూ నెత్తి మీదే కాబట్టి వాలు ఎటున్నా పెద్దగా పోయేదేం లేదండి. మిగతా తొమ్మిది నెలలూ దక్షిణమే కదండి. పైగా వాన నీళ్లు జారి దుమ్ము కడుక్కుపోవాలి." మాస్టారు ఆ రోజే వాడికి కాఫీ ఇప్పించారు.

నీళ్ల ట్యాంకుని ఉత్తరం మూలకి జరిపించారు, దాని నీడ పలకల మీద పడకుండా. పక్కింటివారి కొబ్బరిచెట్టుని జరపలేరు గనక పలకల్నే తూర్పుకి జరిపారు. ఒక్క కొబ్బరాకు నీడకి ఇంత హడావుడా అని మాస్టారి భార్య, అమ్మగారు, నవ్వారు. ఆరు పలకలూ ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి. అన్నిటిలోంచీ పారేది ఒకటే కరెంటు. ఒకదాని మీద నీడ పడితే అది మిగతా అయిదింటి దారికీ అడ్డం. అడ్డం తప్పించి పక్కనుంచి పోవడానికి ప్రతి పలకలోనూ బైపాస్ డయోడ్లు ఉంటాయి, కానీ అలా తప్పించిన ప్రతిసారీ పలకలో మూడోవంతు పోయినట్టే.

ఇక నా పని. పైనుంచి నా దగ్గరికి వచ్చేది రెండువందల యాభై వోల్టుల చిల్లర డీసీ. ఒకే దిక్కున పారే కరెంటు. ఇంట్లో ఫ్యాన్లకీ మిక్సీకీ కావాల్సింది సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగే 230 వోల్టుల ఏసీ. డీసీని సెకనుకి వేలసార్లు తెగ్గొట్టి, ముక్కల్ని అలలాగా పేర్చి బయటికి పంపుతాను. బయట వీధి లైన్లో ఊగుతున్న అల ఎక్కడ లేస్తే నాదీ అక్కడే లేవాలి, ఎక్కడ దిగితే అక్కడే దిగాలి. తాళం తప్పడానికి వీల్లేదు.

రెండో పని ఇంతకంటే నాజూకైనది. పలకల దగ్గర్నుంచి ఎంత కరెంటు లాగాలన్నది నా ఇష్టం. ఎక్కువ లాగితే వోల్టేజి కూలిపోతుంది, తక్కువ లాగితే ఉన్నది వృథా. గేదె దగ్గర కూర్చున్నవాడికి పొదుగు మీద చెయ్యి వేయగానే తెలిసినట్టు, ఎంతవరకు లాగితే ఎక్కువ వస్తుందో నాకు తెలియాలి. మబ్బు ముక్క ఒకటి అడ్డం వచ్చినా ఆ చోటు మారిపోతుంది. పొద్దస్తమానం వెతుకుతూనే ఉంటాను.

మే నెలలో రాజమహేంద్రి ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వీధిలో వాళ్లంతా "ఈ ఎండకి మీకు కరెంటు పండగే" అంటారు మాస్టారితో. కాదు. నాకు కావాల్సింది వెలుగు, వేడి కాదు. పలకల మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. రోహిణి కార్తెలో వాటి ఒళ్లు 65 దాకా కాగుతుంది. 25 పైన ప్రతి డిగ్రీకీ వందకి ఒక పాలులో మూడోవంతు పైచిలుకు తగ్గిపోతుంది, అంటే అలాంటి మధ్యాహ్నం వందకి పద్నాలుగు పాళ్లు గాలికి పోయినట్టే. నేను కూడా మరీ వేడెక్కితే పని తగ్గించుకుంటాను, లేకపోతే లోపలి కెపాసిటర్లు ముందే చస్తాయి. నన్ను మేడ మీద ఆరుబయట బిగించకుండా మెట్ల గదిలో పెట్టింది అందుకే. నాకు పండగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆకాశం శుభ్రంగా ఉంటుంది, గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. ఏడాది మొత్తం మీద సగటు చూస్తే కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు, మూడింటికి పన్నెండు. ముసురు పట్టిన శ్రావణంలో అందులో మూడోవంతు వచ్చినా గొప్పే.

ఇప్పుడు ఆ మాటలు పడ్డ రోజు.

రాత్రి ఈదురుగాలితో వాన కురిసింది. పొద్దున్నే ఎండ కాసింది, పలకలు కడిగినట్టున్నాయి, చల్లగా ఉన్నాయి. పది దాటేసరికి రెండు కిలోవాట్ల పైన పంపుతున్నాను. ఇంట్లో రుబ్బగా మిగిలింది వీధిలోకి పోతోంది. ఉన్నట్టుండి వీధి లైను పోయింది.

లైను పోయిందని నాకెలా తెలుస్తుందంటే, నేను ఊరికే పంపుతూ కూర్చోను. ఉండుండి నా తాళాన్ని వెంట్రుకవాసి పక్కకి తోసి చూస్తుంటాను. అవతల దేశమంతా అల్లుకున్న గ్రిడ్ ఉంటే నా తోపుకి అది కదలదు, నన్నే దారిలోకి లాగేస్తుంది. నేను తోసినవైపు వోల్టేజీ ఫ్రీక్వెన్సీ కదిలాయంటే అవతల ఎవరూ లేరన్నమాట, ఒంటరినైపోయాను. లైను పోయిన రెండు సెకన్లలోపు ఆగిపోవాలని నియమం. నేను అంతకు ముందే ఆగిపోతాను. పచ్చదీపం ఆరి ఎర్రది వెలిగింది.

కింద మిక్సీ ఆగింది. పాత ఇన్వర్టర్ రెండు ఫ్యాన్లు తిప్పింది. అమ్మగారు పిండిగిన్నె పట్టుకునే మెట్లెక్కి వచ్చారు. "ఏవండీ, నెత్తిన సూర్యుడు మండిపోతున్నాడు, ఇదేమో ఎర్రదీపం పెట్టుకు కూర్చుంది. కరెంటు పోయినప్పుడు అక్కరకి రానిది రెండు లక్షలకి అటూ ఇటూ పోసి ఎందుకు కొన్నట్టు? కింద ఆ ముసలిదే నయం." మామ్మగారు కింద నుంచే అందుకున్నారు: "నేను ముందే చెప్పాను."

మాస్టారు ఏమీ అనలేదు. ఆయనకి తెలిసినా, చెప్తే పాఠంలా ఉంటుందని భయం. జవాబు సందులోంచి వచ్చింది. గాలికి పదకొండు వేల వోల్టుల లైను ఇన్సులేటర్ ఒకటి పగిలితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని వచ్చాడు. స్తంభం ఎక్కబోతూ గేటు దగ్గర నిలబడి కేకేశాడు: "మాస్టారండీ! మీ సోలార్ ఆగిందాండి?"

"ఆగింది బాబూ, దానంతటదే ఆగిపోయింది."

"అయినా ఐసొలేటర్ దించేయండి. నేను చూస్తాను."

లోపలికి వచ్చి చూసి మరీ వెళ్లాడు. అమ్మగారు ఉండబట్టలేక అడిగారు, ఇది ఆగకపోతే ఏమవుతుందని. అతను స్తంభం మీదున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని చూపించాడు. "దానికి ఇటూ అటూ తెలీదండి. అటు నుంచి పదకొండు వేలు వస్తే ఇటు మీ ఇంటికి 230 చేసి ఇస్తుంది. ఇటు నుంచి మీరు 230 పంపితే అటు పదకొండు వేలు చేస్తుంది. నేనుండేది అటేనండి." అమ్మగారు గిన్నె కిందపెట్టారు. ఇంకోటి కూడా చెప్పాడు: ఈ సోలార్ డబ్బాల కంటే తనకి జనరేటర్లంటేనే హడలు. చేంజోవర్ స్విచ్ లేకుండా పెళ్లిపందిరికి జనరేటర్ పెట్టి ఇంటి వైరింగులోకి కలిపేస్తారు, అది తాళం చూసుకోదు, ఆగదు.

నా వంతు నిజం కూడా చెప్పాలి. మూడు కిలోవాట్ల నేను వీధిలో ఇళ్లన్నిటి బరువూ ఒక్కసారి మీద పడితే ఎలాగూ కూలిపోతాను. కానీ "ఎలాగూ" అన్న మాట నమ్ముకుని మనిషి స్తంభం ఎక్కడు. అతను నన్నూ నమ్మలేదు, ఐసొలేటర్‌నీ నమ్మలేదు. లైను మీద గొలుసు వేసి ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టాడు. అలాంటివాడంటే నాకు గౌరవం.

పని అయ్యాక కరెంటు వచ్చింది. ఐసొలేటర్ ఎత్తారు. నేను వెంటనే కలవను. వోల్టేజీ ఫ్రీక్వెన్సీ కనీసం అరవై సెకన్లు నిలకడగా ఉండాలి. తెర మీద అంకెలు తగ్గుతుంటే అమ్మగారు అక్కడే నిలబడి చూశారు. ఆ తర్వాత ఆవిడ నన్ను తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు.

బ్యాటరీ పెట్టుకునే హైబ్రిడ్ రకాలున్నాయి, కరెంటు పోతే వీధి నుంచి తెగిపోయి ఇంటికి మాత్రం ఇస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న కూతురు అది మార్చమని ఫోన్లో పోరుతుంది. మాస్టారు బ్యాటరీ ధర అడిగి, "చూద్దాం తల్లీ" అంటారు.

బిల్లు సంగతి చెప్పాలంటే, గేటు పక్కన కొత్త మీటరు రెండువైపులా లెక్కపెడుతుంది, వచ్చింది ఎంత, పోయింది ఎంత. తేడాకే డబ్బు. స్థిర చార్జీ మాత్రం ఎలాగూ కట్టాల్సిందే, సున్నా బిల్లని చెప్పి అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు. పలకలు కడగడం మాస్టారే చేస్తారు, తెల్లారుజామున. మధ్యాహ్నం కాగిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. దుమ్ము కంటే కాకి రెట్టలే చెడ్డవి, అవి పడ్డ చోట సెల్ కాగి మాడుతుంది. దక్షిణం పక్క ఆరడుగుల్లో మామ్మగారి మాగాయ ముక్కలున్నన్నాళ్లూ కాకుల్ని తోలడానికి ఆవిడే కర్ర పట్టుకుని పలకల నీడలో మంచం మీద కూర్చుంటారు. ఆ రోజుల్లో పలకలు అద్దంలా ఉంటాయి.

పలకలకి పాతికేళ్ల హామీ ఇచ్చారు. నాకు అందులో సగం కూడా ఇవ్వలేదు. వాటి బతుకులో నాలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు మారొచ్చు. వేడికి కెపాసిటర్లు ఎండుతాయి, అంతే సంగతి.

ఈ మధ్య కొత్త చిక్కు వచ్చింది. మమ్మల్ని చూసి వీధిలో ఇంకా నాలుగిళ్లవాళ్లు పెట్టించుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకుంటారు, వాడేవాళ్లుండరు. అయిదుగురం ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తోస్తుంటే వీధి వోల్టేజి పైకి పాకుతూ పోతుంది. 253 దాటిందంటే నేను తప్పుకోవాలి. నేను తప్పుకుంటే కాస్త దిగుతుంది, ఎదురింటివాడు హాయిగా పంపుకుంటాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా లైను చివర ఉన్నది నేను గనక ముందు తప్పుకునేదీ నేనే. మాస్టారు తెర మీది వోల్టేజి అంకెలు నోటుపుస్తకంలో గంటగంటకీ రాసుకుని కరెంటాఫీసుకి అర్జీ పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు దించితే సరిపోతుందని ఆ లైన్‌మనే చెప్పాడు. అయితే దించితే సాయంత్రం ఏసీలు వేసే వేళకి చివరిళ్లలో వోల్టేజి పడిపోతుందేమోనని ఏఈగారి అనుమానం. రెండు పూటలా కొలిచి చూడ్డానికి మంగళవారం మనిషిని పంపుతామన్నారు.