మూడు పసుపుల పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: 2006 జూన్ 22. జర్మనీలోని స్టట్‌గార్ట్. ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో క్రొయేషియాకూ ఆస్ట్రేలియాకూ ఆఖరి గ్రూపు మ్యాచ్. క్రొయేషియా గెలిచి తీరాలి, ఆస్ట్రేలియాకు డ్రా చాలు. రెఫరీ ఇంగ్లండుకు చెందిన గ్రాహమ్ పోల్. ఆయన చేసిన ఘనకార్యాన్ని వర్ణించే పద్యమిది. కవి పేరు చెప్పుకోదగినది కాదు. వ్యాఖ్యాతే కవి కావడం వల్ల కొంత పక్షపాతం తప్పదు, చిత్తగించాలి.

పసుపు చూపె మొదట, పైపైన రెండవ
పసుపు చూపి మరల పంపడయ్యె;
మూడు పసుపులంది మోమెఱ్ఱబారెరా
చిట్టి పుస్తకంబు చేటు సేయ!

ప్రతిపదార్థం: మొదట = అరవై ఒకటవ నిమిషమున; పసుపు = పసుపు కార్డును (ఇది పేరంటపు పసుపు కాదు; కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రెఫరీకి ట్రాఫిక్ లైట్ల దగ్గర తట్టి, 1970 మెక్సికో ప్రపంచకప్పులో తొలిసారి మైదానానికెక్కినది); చూపె = క్రొయేషియా డిఫెండరు యోసిప్ షిమునిచ్‌కు చూపెను; పైపైన = ఒకదానిపై ఒకటిగా అని ఒక అర్థం, సరిగా చూసుకోకుండా అని మరొకటి (శ్లేష); రెండవ పసుపు = తొంభైయవ నిమిషపు కార్డును; మరల చూపి = మళ్లీ చూపియును; పంపడయ్యె = ఎరుపు చూపి బయటికి పంపలేదు; మూడు పసుపులంది = ఆఖరి విజిల్ ఊదాక తన మీదికి వచ్చినందుకు మూడోదీ పుచ్చుకొని; మోము ఎఱ్ఱబారె = ముఖము ఎఱ్ఱనయ్యెను (ఎవరి ముఖమో కవి చెప్పలేదు; చెప్పనక్కర్లేదు); చిట్టి పుస్తకంబు = రెఫరీ జేబులోని పుస్తకము; చేటు సేయ = కీడు చేయగా.

తాత్పర్యం: రెండు పసుపులైతే ఒక ఎరుపు అన్నది వీధిలో బంతి తన్నే పిల్లలకూ తెలిసిన లెక్క. ప్రపంచకప్పులో అది తప్పింది.

శంక: ఆయనకు రూలు తెలియదా?
సమాధానం: తెలియకేం! అదే ఆటలో ఎనభై అయిదో నిమిషంలో క్రొయేషియా షిమిచ్‌ను, ఎనభై ఏడులో ఆస్ట్రేలియా ఎమెర్టన్‌ను రెండో పసుపుతో సలక్షణంగా సాగనంపాడు. దోషం జ్ఞానంలో లేదు, లేఖనంలో ఉంది. షిమునిచ్ చొక్కా మీద 3. అవతలి జట్టులో క్రెయిగ్ మూర్ చొక్కా మీదా 3. రెండో కార్డు చూపి, పుస్తకం తీసి, 3 అని వేశాడు పోల్. అంకె తప్పలేదు. అది ఆస్ట్రేలియా వరుసలో పడింది. మన తాళపత్ర ప్రతులు రాసిన లేఖకులు ఇంతకంటే ఘోరాలే చేశారు గానీ, వాళ్ల భుజం మీద టీవీ కెమెరా లేదు. షిమునిచ్ పుట్టింది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, మాటలోనూ అక్కడి యాసే. ఆ యాసే చెవిని మోసగించి వేలిని దారి తప్పించిందని కొందరి మతం. వ్యాఖ్యాతకు ఇందులో నమ్మకం తక్కువ. యాస విని అంకెలు వేసే రెఫరీ ఉంటాడా?

శంక: మైదానం అంచున ఇద్దరు సహాయకులు, నాలుగో అధికారి, అందరి చెవుల్లో మాటలు వినిపించే పరికరాలు. వాళ్లేం చేస్తున్నట్టు?
సమాధానం: ఈ ప్రశ్నకు ప్రాచీనులు మౌనం వహించారు. ఆనాడు వాళ్లూ వహించారు.

విశేషం: లోకం ఈ తప్పును పట్టుకొని మిగతా ఆటను మరిచిపోయింది. మొదటి అర్ధభాగంలో గోలు ముందు ఇదే షిమునిచ్, ఆస్ట్రేలియా ఆటగాడు విడుకాను కుస్తీ గోదాలో మాదిరిగా రెండు చేతులా వాటేసి పడగొట్టాడు. పెనాల్టీ ఇవ్వలేదు. డెబ్భై తొమ్మిదో నిమిషంలో క్యూవెల్ గోలు కొట్టి ఆస్ట్రేలియాను గట్టెక్కించినప్పుడు ఆఫ్‌సైడ్ కాదా అని క్రొయేషియా వాదం. ఒక రెఫరీని తూచాలంటే ఇవి తూకంలో పెట్టాల్సినవి. కానీ వీటి మీద రాత్రంతా వాదించుకోవచ్చు, మూడు పసుపుల మీద వాదం లేదు, వేళ్లు మడిచి లెక్కపెడితే చాలు. అందుకే ఈ ఒక్క తప్పూ ఆయన పేరుకు బిరుదులా అంటుకుపోయింది. పెద్ద టోర్నీల్లో ఇక విజిల్ పట్టనని పోల్ తానే తప్పుకున్నాడు.

మూడు రోజులకు న్యూరెంబర్గులో పోర్చుగల్, నెదర్లాండ్స్ ఆటలో రష్యా రెఫరీ ఇవానోవ్ పదహారు పసుపులు, నాలుగు ఎరుపులు పంచాడు. ఆయన లెక్క మాత్రం తప్పలేదు. తిట్లు ఆయనకూ తప్పలేదు.

తుది శంక: మూడో పసుపు తర్వాత పోల్ ఎరుపు చూపాడు కదా, అప్పటికైనా పొరపాటు గుర్తొచ్చిందా?
సమాధానం: రాలేదు. పుస్తకం ప్రకారం షిమునిచ్‌కు అది రెండోదే.