అండాల ట్యాంకు చేరవేయడం: ఒళ్లలవని పద్ధతి

ఒక క్లినిక్కులో దాచిన అండాలను ఇంకో క్లినిక్కుకు చేర్చే పని మీ నెత్తిన పడిందా? కంగారు పడకండి. హైదరాబాద్ నుంచి విజయవాడ ఎంత దూరమని! సూర్యాపేటలో టిఫిన్ చేసి కూడా మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. ఇలా చేయండి.

1. ముందురోజు ట్యాంకు జోలికి వెళ్లకండి. డ్రై షిప్పర్ అనే ఈ ట్యాంకు లోపలున్న స్పాంజిలాంటి పదార్థం లిక్విడ్ నైట్రోజన్‌ను నిండా పీల్చుకోవాలనీ, గంటల తరబడి పోస్తూ ఉండాలనీ ల్యాబ్‌వాళ్లు అంటారు. బయల్దేరే ముందు ఒక్కసారి పోయండి. తెల్లగా పొగ వచ్చిందా? చాలు. పొగ చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. తూకం మాత్రం వేయకండి. వేస్తే ఎంత తక్కువుందో తెలుస్తుంది, తెలిస్తే మళ్లీ పోయాలి.

2. అండాలుండే స్ట్రాల మీద పేర్లు చీమ తలకాయంత ఉంటాయి. ఇద్దరు నిలబడి లిస్టుతో సరిచూడాలట. రెండో మనిషి టీకి వెళ్లాడు కాబట్టి ఆ సంతకమూ మీరే గీకేయండి. లక్ష్మి అని ఉందా? ఉంది. ఇంటిపేరు దాకా పోకండి. ఎంతమంది లక్ష్ములున్నా అందరిదీ తల్లి కావాలన్న కోరికే.

3. అండాలు దాచుకున్నావిడ రాతపూర్వక అంగీకారం ఏదీ అని, సంతాన సాఫల్య చికిత్సలపై 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ఏమంటుందో తెలుసా అని ఎవరైనా అడిగితే, "పెద్దసారు చూసుకుంటారండీ" అనండి.

4. ట్యాంకును నిలబెట్టే తీసుకెళ్లమంటారు. డిక్కీలో పడుకోబెట్టండి. పడుకోబెడితే నైట్రోజన్ తొందరగా ఆవిరైపోతుంది, వారం దాటి నిలవాల్సిన చల్లదనం మధ్యలోనే పోతుంది అంటారు. మీరు వెళ్లేది కాశీయాత్రకా? ఐదారు గంటల ప్రయాణం. అత్తగారిచ్చిన ఆవకాయ జాడీని మాత్రం నిలబెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కండి. నూనె ఒలికితే మరక వదలదు.

5. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఆగుతాయి. మూత తీసి చూసుకోండి. లోపల మైనస్ 196 డిగ్రీల చలి ఎలా ఉంటుందో చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? ఒక స్ట్రా పైకెత్తి ఫోటో తీసుకోండి. అండం రేణువంత ద్రవంలో ఉంటుంది, బయటికి తీస్తే క్షణాల్లో వేడెక్కుతుంది అని ఎంబ్రియాలజిస్ట్ హెచ్చరించే ఉంటారు. ఫోటో కూడా క్షణాల్లోనే అయిపోతుంది.

6. డేటా లాగర్‌లో ఉష్ణోగ్రత గీత పైకి లేస్తే బ్యాటరీ పీకేయండి. చార్జింగ్ అయిపోయిందని చెప్పొచ్చు.

7. సరిగ్గా భోజనాల వేళకు చేరండి. ల్యాబ్‌లో ఎవరూ ఉండరు. వాచ్‌మన్ చేత "అందినది" అని రాయించుకుని, ట్యాంకును మెట్ల పక్కన దించేయండి.

8. కొన్నాళ్లకు అండాలేవీ బతకలేదని ఫోనొస్తుంది. మీ పని పూర్తయినట్టే. ఇక మాట పడకుండా చూసుకోవడమే. పంపినవాళ్లతో, "అక్కడ కరిగించడం చేతకాలేదు" అనండి. అందుకున్నవాళ్లతో, "అక్కడ గడ్డకట్టించడంలోనే తేడా వచ్చింది" అనండి. నెలల తరబడి వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు, మీ పేరు ఎవరికీ గుర్తు రాదు. ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేస్తే మెత్తగా, "వయసు మీద పడింది కదమ్మా" అనండి. 31వ ఏట దాచిన అండానికి ఎప్పటికీ 31 ఏళ్లేనని డాక్టర్లకు తెలుసు. ఆవిడకిప్పుడు 38. మీరు 38 అనే అనండి. పది పన్నెండు రోజులు పొట్టకు సూదులు పొడిపించుకుని, మత్తు తీసుకుని ఇచ్చిన అండాలంటుంది. "ఒకసారి అలవాటైంది కదా, ఈసారి అంత కష్టమనిపించదు" అని ధైర్యం చెప్పండి.

9. తిరుగు ప్రయాణంలో ట్యాంకును నిలబెట్టి, బెల్టు వేసి, నిదానంగా తీసుకురండి. గీత పడితే డిపాజిట్‌లో కోస్తారు.