ఇప్పుడొస్తుంది చూడు!

సినిమా పెట్టినవాడు సినిమా చూడడు. మన మొహం చూస్తాడు. తెర మీద ఏం జరగబోతోందో వాడికి ముందే తెలుసు. తెలియందల్లా మన మొహం మీద ఏం జరుగుతుందన్నదే. నవ్వు రావాల్సిన చోటికి అర నిమిషం ముందే మోచేత్తో పొడిచి ‘‘ఇప్పుడొస్తుంది చూడు’’ అంటాడు. మనం నవ్వాలి. నవ్వలేదో, రిమోట్ అందుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూపిస్తాడు. అప్పటికీ నవ్వకపోతే ‘‘నీ ధ్యాస ఇక్కడ లేదు’’ అని తేల్చేస్తాడు.

పోయిన ఆదివారం పరిస్థితి ఇంకా కష్టం. ఆ రోజు వంతు మేష్టారిది. ఆయన సినిమాలకి నవ్వు మొహం పనికిరాదు, లోతుగా ఆలోచిస్తున్న మొహం కావాలి. కనుబొమలు ముడేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్యమధ్యలో ‘ఊఁ’ అంటుండాలి. రెండున్నర గంటలు ముడేసిన కనుబొమలు అంత తేలిగ్గా విడవవు. మర్నాడు కూరగాయల బండివాడు నా మొహం చూసి, అడక్కుండానే కిలోకి ఐదు రూపాయలు తగ్గించాడు.

మేం ఐదుగురం. ఆదివారం మధ్యాహ్నం సత్యనారాయణపురంలో ఇంజనీరు గారింట్లో పెద్ద టీవీ ముందు చేరతాం. వారానికొకరు సినిమా పెడతారు. మిగతావాళ్ళు నోరెత్తకుండా చూడాలి, అయ్యాక నోరు మూయకుండా చర్చించాలి. రాజ్యాంగం ఇంతే. రెండో సగం మాత్రమే అమల్లో ఉంది.

మేష్టారు పెట్టింది బేలా తార్ అనే హంగేరీ దర్శకుడి ‘ది ట్యూరిన్ హార్స్’, 2011 నాటిది. 1889లో ట్యూరిన్‌లో నీషే అనే తత్వవేత్త, కొరడా దెబ్బలు తింటున్న గుర్రం మెడ కావలించుకుని ఏడ్చాడనీ, ఆ తర్వాత మతి తప్పిందనీ ఒక కథ ఉంది. నీషే సంగతి సరే, ఆ గుర్రం ఏమైంది? సినిమా అక్కణ్ణుంచి మొదలవుతుంది. ప్రశ్న నాకూ నచ్చింది. జవాబుకే ఓపిక కావాలి. సినిమా మొత్తమ్మీద ముప్ఫయ్యే షాట్లు. మన హీరో కారు దిగడానికే అన్ని అవుతాయి. బయట ఆగని ఈదురుగాలి, లోపల తండ్రీ కూతురూ. తండ్రికి ఒక చెయ్యి పనిచెయ్యదు. కూతురు రెండు బంగాళాదుంపలు ఉడకేస్తుంది, ఆయనకొకటి, తనకొకటి. ఆయన పొగలు కక్కే దుంపని ఒంటిచేత్తో ఒలుచుకుని, వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తినేస్తాడు. మర్నాడు మళ్ళీ దుంప.

కాఫీలు తెచ్చిన ఇంజనీరు గారి భార్య, మా అందరికీ చెల్లెమ్మ, రెండో రోజు దుంప దగ్గర ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

‘‘పోపు లేదు, కారం లేదు, ఉత్త దుంపేనా అన్నయ్యగారూ?’’

‘‘అది వంట కాదమ్మా. ప్రపంచం అంతమైపోతోందని చెప్పడం’’ అన్నారు మేష్టారు.

‘‘అంతమైపోతే మాత్రం, ఓ ఉల్లిపాయ తరుక్కోకూడదూ?’’

ఆ తర్వాత జరిగిన గంట చర్చలో ఇంతకు మించిన మాట ఎవరి నోటా రాలేదు. ఇంజనీరు గారైతే గుర్రం నటన మీద అనర్గళంగా మాట్లాడారు. గుర్రం తెర మీదున్నంతసేపూ ఆయన గురక పెడుతూనే ఉన్నారు.

అసలు గొడవ ఇంటర్వెల్ దగ్గర వచ్చింది. ఈ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా బృందం ఎప్పుడైనా చీలితే దీని మీదే చీలుతుంది. తెలుగువాడికి ఇంటర్వెల్ జన్మహక్కు. తెర మీద ‘విశ్రాంతి’ అని పడి, లైట్లు వెలిగి, సమోసాల బుట్ట వరసల మధ్యకి వస్తేనే సగం సినిమా అయినట్టు. మన రచయితలు ముందు ఇంటర్వెల్ బ్యాంగ్ రాసుకుని, దానికి అటూ ఇటూ కథ అల్లుతారు. హాలీవుడ్ వాళ్ళు ఇంటర్వెల్ లేకుండా తీసి పంపినా మన హాళ్ళవాళ్ళు ఊరుకోరు, వాళ్ళే ఒకటి పెడతారు. చిన్నప్పుడు చూసిన ఇంగ్లీషు సినిమాల్లో హీరో నోరు తెరిచిన చోట విశ్రాంతి పడేది. మనం సోడా తాగి వచ్చేదాకా ఆ నోరు అలాగే తెరిచి ఉండేది.

ఇప్పుడు మా ఇంట్లో, అంటే ఇంజనీరు గారింట్లో, ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలన్నది సమస్య. కళకి విశ్రాంతి ఉండదంటారు మేష్టారు. మొత్తం నిడివిని రెండుతో భాగించి సెకన్లతో సహా చెబుతారు ఇంజనీరు గారు. బ్యాంగ్ లేనిదే ఇంటర్వెల్ ఒప్పుకోనంటాడు బ్యాంకు బావ. మందుల షాపు మిత్రుడికి సుగరు, ఆయన సిద్ధాంతాలు మాట్లాడడు, లేచి వెళ్ళిపోతాడు. వీటన్నిటికీ పైన వంటింట్లో నూనె కాగుతుంటుంది. మిరపకాయ బజ్జీ దర్శకుడి కోసం ఆగదు. ఆ ఆదివారం బ్యాంకు బావ బ్యాంగ్ కోసం కళ్ళు చించుకుని ఎదురుచూశాడు. ఎంతకీ రాదే! చివరికి ఒకచోట గుర్రం మేత ముట్టలేదు. ‘‘అదీ బ్యాంగ్! గుర్రం తిండి మానేసింది!’’ అని ఎగిరి లైటు వేశాడు. బజ్జీలయ్యాక ఎక్కడ ఆపామో ఎవరికీ గుర్తులేదు. మేష్టారు పది నిమిషాలు వెనక్కి వెళదామన్నారు, ఇంజనీరు గారు పది నిమిషాలు ముందుకు వెళదామన్నారు. రెండూ చేసి చూశాం. ఎటు వెళ్ళినా గాలే వీస్తోంది.

దీనికి ప్రతీకారంగా వచ్చే తన వంతుకి ‘దాన వీర శూర కర్ణ’ పెడతానని బ్యాంకు బావ అక్కడికక్కడే ప్రకటించాడు. 1977 నాటి ఎన్టీఆర్ సినిమా. దర్శకత్వం ఆయనదే, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ ఆయనే, నిడివి దాదాపు నాలుగు గంటలు. సినిమా మీద నాకు పేచీ లేదు. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలన్నీ బావకి కంఠతా వచ్చు, అదీ నా భయం. దుర్యోధనుడి కన్నా అర క్షణం ముందు బావ అంటాడు. ప్రతి మాటా మనకి రెండుసార్లు వినబడుతుంది. ఆ లెక్కన అది ఎనిమిది గంటల సినిమా.

మా రోజుల్లో ఈ బాధ లేదని అనను గాని, తిట్టడానికి మనిషి ఉండేవాడు. కలకత్తాలో 1947లో సత్యజిత్ రాయ్, మిత్రులూ మొదలెట్టిన ఫిల్మ్ సొసైటీ ముచ్చట మెల్లగా మన ఊళ్ళకీ వచ్చింది. అద్దె హాలు, పదహారు ఎమ్మెమ్ ప్రొజెక్టరు, ఇనప మడతకుర్చీలు. సినిమా పెట్టె పూణే ఆర్కైవ్ నుంచో, ఏదో రాయబార కార్యాలయం నుంచో వచ్చేది. సొసైటీ సినిమాలకి సెన్సారు కత్తెర ఉండదన్న వార్త పొక్కాక, ప్రపంచ సినిమా మీద మా ఊళ్ళో అభిరుచి ఉన్నట్టుండి పెరిగింది. కత్తెర పడనిదేదో చూద్దామని చందా కట్టినవాళ్ళు, తెర మీద పోలండు రైతులు గడ్డి కోస్తుంటే, పూణేవాళ్ళని నోరారా తిట్టుకుంటూ ఇంటికెళ్ళేవారు. పూణేవాళ్ళు ఏమీ అనుకునేవారు కాదు. ఇప్పుడా సౌకర్యం పోయింది. సినిమా బాగోలేదంటే పక్కన కూర్చున్నవాడు బాగోలేదన్నట్టే. బాగుందంటే మరీ ప్రమాదం, పై వంతుకి అదే దర్శకుడి ఇంకో సినిమా పట్టుకొస్తాడు.

మందుల షాపు మిత్రుడు ఒకసారి ‘మరోచరిత్ర’ పెట్టాడు. ఆయనది విశాఖపట్నం. 1978లో అది వచ్చేనాటికి కాలేజీలో ఉన్నాడు. అందరిలా ‘ఇప్పుడొస్తుంది చూడు’ అనలేదు, మా మొహాలూ చూడలేదు. తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. మేం ఊరుకుంటే బాగుండేది. పెద్దవాళ్ళు ఆ ప్రేమికులిద్దరికీ ఏడాదిపాటు కలుసుకోకూడదు, మాట్లాడుకోకూడదని షరతు పెట్టగానే, అగ్రిమెంటు మీద స్టాంపు లేదు గనక చెల్లదన్నాడు బ్యాంకు బావ. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కలుసుకోవచ్చన్నారు ఇంజనీరు గారు. నేనూ ఏదో అన్నాను, దానికే అందరూ ఎక్కువ నవ్వారు. కాసేపటికి మందుల షాపు మిత్రుడు రిమోట్ తీసుకుని, ‘‘పొద్దుపోయింది, ఆపేద్దామా?’’ అన్నాడు. ఇంకా ముప్పావు గంట సినిమా ఉంది. ఎవరం వద్దనలేదు. ఆ రోజు చర్చ కూడా జరగలేదు. అప్పట్నుంచి ఆయన వంతు వచ్చినప్పుడల్లా ‘‘మీ ఇష్టం, ఏదైనా పెట్టండి’’ అంటున్నాడు.

నాకూ అలాంటివి రెండు మూడు ఉన్నాయి. అవెప్పటికీ ఆ హాల్లోకి రావు.

రానున్న ఆదివారం నా వంతు. అవి పోను మిగిలినవాటిలో ఏరుకుందామంటే వారం నుంచీ షరతులు వచ్చి పడుతున్నాయి. కింద అక్షరాలు చదవాల్సినవి వద్దు, కళ్ళజోడు మారుస్తున్నానని ఇంజనీరు గారు. ఫైటు కచ్చితంగా ఉండాలని బ్యాంకు బావ. చావులుండకూడదని చెల్లెమ్మ, వండుకుని తినే మనుషులు ఉంటే మరీ మంచిదట. ఓటీటీ తెరిచి కూర్చుంటే పేర్లు చదవడానికే రోజూ ఒక సినిమా అంత సేపు పడుతోంది. ‘‘ఏదో ఒకటి పెట్టండి, ఎలాగూ బజ్జీలకేగా అందరూ వచ్చేది’’ అంటుంది మా ఆవిడ.

నిన్న మేష్టారే ఫోన్ చేసి, ఇంత ఆలోచన దేనికయ్యా, సలహా నేనిస్తానన్నారు. ఆ బేలా తారే 1994లో తీసిన ‘సాటాన్‌టాంగో’ ఉందట. బ్లాక్ అండ్ వైట్, నిడివి ఏడు గంటల పైచిలుకు. టాంగో నాట్యంలోలాగా కథ ఆరడుగులు ముందుకి వెళ్ళి ఆరడుగులు వెనక్కి వస్తుందట. నేను ఏమీ మాట్లాడకపోయేసరికి, ఆయనే కాస్త మెత్తబడి, ‘‘ఇంటర్వెల్ నీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకో’’ అన్నారు.